వంతులవారీ జబ్బులు

ఆరోగ్యం వల్ల ఒక సంఘానికి ఎన్ని చిక్కులు వచ్చిపడతాయో పెదకొండేపూడి క్రైస్తవులకు ఫీబమ్మ నర్సుగా వచ్చేదాకా తెలియలేదు. అంతకుముందు వాళ్ళు ఎవరికి తోచినప్పుడు వాళ్ళు జబ్బుపడేవారు, ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు కోలుకునేవారు. ఇదేమిటని అడిగినవాడు లేడు.

ఫీబమ్మ ఉద్యోగమంతా జిల్లా ఆసుపత్రిలోనే గడిచింది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. వార్డులో ఈ చివర నిలబడి "మందు వేసుకున్నావా?" అంటే ఆ చివర మంచం మీదున్నవాడు బెదిరిపోయి పక్కవాడి మందు కూడా మింగేసేవాడని చెప్పుకునేవారు. రిటైరై సొంతవూరు వచ్చాక ఆమెకు ఏమీ తోచేది కాదు. అలాంటి సమయంలో సంఘ కమిటీ ఛైర్మన్ జ్ఞానాభరణంగారు పట్నంలో ఏదో సదస్సుకు వెళ్ళివచ్చారు.

జ్ఞానాభరణంగారు పూర్వాశ్రమంలో డివిజనల్ పంచాయతీ అధికారి. సదస్సు నుంచి తెచ్చుకున్న సంచీ భుజాన ఉండగానే ఆయన ఆదివారం ఆరాధనలో లేచి నిలబడ్డారు.

"ప్రియ సంఘమా! ఇకమీదట ప్రతి సంఘానికీ ఒక నర్సు ఉండవలెనని సదస్సులో ఏకగ్రీవంగా అభిప్రాయపడడమైనది. ఆత్మకు పాస్టరు, శరీరమునకు నర్సు. కావున మన ఫీబమ్మగారిని సంఘ నర్సుగా ఇందుమూలముగా నియమించడమైనది."

ఫీబమ్మను ముందుకు పిలిచి, తలమీద చేతులుంచి ప్రార్థన చేసి, మెడలో నీలంరంగు పట్టీ వేశారు. ఆమెకు కళ్ళు చెమర్చాయి. మళ్ళీ ఒకరికి పనికొస్తాననుకుంది.

మర్నాటి నుంచే పనిలోకి దిగింది. మంచంలో ఉన్న ముసలమ్మల ఇళ్ళకు వెళ్ళి వీపులు తుడిచేది, బీపీ చూసేది, పెద్దాసుపత్రికి వెళ్ళాల్సినవాళ్ళని కేకలేసి పంపేది. చాలామందికి మందుకంటే మాట్లాడే మనిషి కరువని ఆమె ఎప్పుడో కనిపెట్టింది కాబట్టి, వెళ్ళిన ప్రతిచోటా కుర్చీ లాక్కుని కూర్చునేది. పాస్టరు క్రిస్టోఫరుగారు మెత్తని మనిషి. "అమ్మా, నా ప్రసంగాలకంటే మీ కేకలే బాగా పనిచేస్తున్నాయి" అని మనస్ఫూర్తిగా సంతోషించారు.

కానీ కమిటీకి దిగులు పట్టుకుంది. ఆరాధన అయ్యాక చర్చి వరండాలో వేసే ఆరోగ్య బల్ల ముందు ఒక్కడూ ఉండడంలేదు. ఇంటికే వచ్చి చూసే నర్సు కోసం వరండాలో నిలబడేవాడెవడు? ఇంతలో సంఘాల కేంద్ర కార్యాలయం నుంచి కబురొచ్చింది. పరిచర్యను చూడడానికి పరిశీలక బృందం వస్తోందట. రోగుల సంఖ్యను బట్టి శ్రేష్ఠ సంఘాన్ని ఎంపిక చేస్తారట.

జ్ఞానాభరణంగారు అత్యవసర సమావేశం పెట్టారు.

"పరిస్థితి తీవ్రంగా ఉన్నది," అన్నారాయన గంభీరంగా. "సంఘంలో ఆరోగ్యం రోజురోజుకీ పెచ్చుపెరిగిపోతున్నది. ఇది ఇలాగే కొనసాగిన పక్షంలో నర్సు పరిచర్య కుంటుపడుతుంది."

"బాగుండడం మంచిదే కదండీ?" అంది ఫీబమ్మ.

"వ్యక్తిగతంగా మంచిదే. పరిపాలనాపరంగా లోపం."

కార్యదర్శి రత్నరాజు గొంతు సవరించుకున్నాడు. ఛైర్మన్‌గారి మనసులో ఏముందో ముందుగా కనిపెట్టి, అదే మాట తన నోట పలకడం అతని ప్రత్యేకత. "అయ్యా, కుటుంబానికొక రోగి చొప్పున వంతులేసేస్తే ఎలా ఉంటుందండీ?"

"జబ్బులు వంతులవారీగా రావండీ రత్నరాజుగారూ!" అంది ఫీబమ్మ తెల్లబోయి.

జ్ఞానాభరణంగారు జాలిగా నవ్వారు. "మంచినీళ్ళు కూడా ఒకప్పుడు వంతులవారీగా రాలేదమ్మా. మేం వచ్చాక వచ్చాయి."

తీర్మానం నెగ్గింది.

ఆ తర్వాతి ఆదివారం ఆ సంగతి ప్రకటించగానే సంఘం గొల్లుమంటుందనుకుంది ఫీబమ్మ. గొల్లుమంది కూడా. అయితే ఆమె అనుకున్నందుకు కాదు. ఎవరికి ఏ జబ్బు ఇస్తారన్నది వాళ్ళ బెంగ.

గుండెజబ్బు ఛైర్మన్‌గారు తీసుకున్నారు. దానికి ఎవరూ అడ్డుచెప్పలేదు. పక్షవాతం రత్నరాజు కోరుకున్నాడు కానీ, నోరు పడిపోయినట్టు నటించాలని తెలిసి వెనక్కిచ్చేశాడు. చక్కెర వ్యాధి క్వయర్ మాస్టరుకు వెళ్ళింది. దాంతో కోశాధికారి దావీదురాజుగారు లేచి, తనకు నిజంగానే చాలాకాలంగా షుగరుందని మొరపెట్టుకున్నారు.

"తమ సేవలను కమిటీ గుర్తించింది," అన్నారు జ్ఞానాభరణంగారు. "కానీ సీనియారిటీ ప్రకారం షుగరు క్వయర్ మాస్టరుగారికి చెందుతుంది. తమరికి చెవిపోటు మంజూరైనది."

దావీదురాజుగారు ఫీబమ్మ వైపు ఆశగా తిరిగారు. "అయితే నేనిక స్వీట్లు తినొచ్చాండీ?"

"తింటే చస్తారు," అంది ఫీబమ్మ.

అందరికంటే ఎక్కువ గొడవ చేసింది స్త్రీల సమాజం అధ్యక్షురాలు సమాధానమ్మ. ఆవిడ పేరులో ఉన్నదంతా పేరులోనే ఉండిపోయింది.

"మగాళ్ళకేమో గుండెలూ కిడ్నీలూనా? మాకేమో మోకాళ్ళనొప్పులూ, తలనొప్పులూనా? పొద్దస్తమానం గుడి ఊడ్చేది మేమూ, పూలు పెట్టేది మేమూ! ఒక్కటంటే ఒక్క మంచి జబ్బు ఇవ్వడానికి చేతులు రాలేదా మీకు?"

చర్చి సగం "నిజమే" అంది. చివరికి కామెర్లు ఇచ్చి ఆవిడను శాంతింపజేశారు. పసుపుకొమ్ములు ఇంట్లోనే ఉన్నాయి కాబట్టి ఆవిడ ఒప్పుకుంది.

గంట కొట్టే మోజేసు మాత్రం ఏమీ అడగలేదు. అతనికి జలుబు ఇచ్చారు. "ఆయ్, అలాగేనండీ. ఏదిచ్చినా పర్లేదండీ," అని తలపాగా చంకన పెట్టుకుని వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు.

ఫీబమ్మ ఆ సాయంత్రం పాస్టరుగారి ఇంటికి వెళ్ళి గోలపెట్టింది. "అయ్యగారూ, నన్నిలా బొమ్మని చేసి కూర్చోబెడితే నేను మానేస్తానండీ."

పాస్టరుగారు చేతులు నలుపుకున్నారు. "మీరు మానేస్తే వాళ్ళు ఎవరికో ఒకరికి నర్సు వంతు కూడా వేస్తారమ్మా. రత్నరాజు ఇప్పటికే ఇంజక్షన్లు చెయ్యడం నేర్చుకుంటానంటున్నాడు."

ఫీబమ్మ రత్నరాజు చేతిలో సూదిని ఊహించుకుంది. ఆమె ఉండిపోయింది.

అక్కణ్ణుంచి రిహార్సల్స్ మొదలయ్యాయి. మూలుగులు ఎవరికి తోచినట్టు వాళ్ళు మూలిగితే వినడానికి బాగుండదని క్వయర్ మాస్టరు అభ్యంతరం చెప్పాడు. అందర్నీ బెంచీల మీద వరుసగా కూర్చోబెట్టి, ఆడవాళ్ళకు సన్నని మూలుగు, మగవాళ్ళకు లావుపాటి మూలుగు నేర్పాడు. మధ్యలో దగ్గేవాళ్ళకు తాళం పెట్టాడు. "కీళ్ళనొప్పులు తొందరపడకండి! ఆస్తమా తర్వాతే మీరు అందుకోవాలి!" అని బెత్తం ఊపుతూ చెమటలు కక్కాడు. కొన్నాళ్ళకు సంఘం ఎంత చక్కగా మూలగడం నేర్చిందంటే, దారినపోయేవాళ్ళు ఆగి విని, లోపల ఏదో మంచి పాట పాడుతున్నారనుకుని వెళ్ళిపోయేవారు.

ఈలోగా ఫీబమ్మ ఒక పెద్ద తప్పు చేసింది. తలనొప్పి వంతు వచ్చిన మరియరత్నం అనే కోడలుపిల్లకు నిజంగానే తలనొప్పి ఉంది. ఇంటెడు చాకిరీ చేసి నిద్రచాలక వచ్చిన నొప్పి. ఫీబమ్మ వాళ్ళత్తగారిని కేకలేసి, ఆ అమ్మాయిని రెండు పూటలు పడుకోబెట్టింది. మూడో పూటకు అమ్మాయి నవ్వుతూ నీళ్ళకు బయలుదేరింది. అది రత్నరాజు కంటబడింది.

మర్నాడు కమిటీ ఫీబమ్మను సంజాయిషీ కోరింది.

"తమరు ఏ అధికారంతో నయం చేశారు?" అన్నారు జ్ఞానాభరణంగారు.

"నర్సునండీ బాబూ! నయం చెయ్యక ఏం చేస్తాను?"

"నర్సు అంటే పరిచర్య చేయువారు. పరిచర్య అంటే కొనసాగునది. నయం చేస్తే అది ఆగిపోతుంది. పరస్పర విరుద్ధం కాదా?" ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇకమీదట కమిటీ ముందస్తు అనుమతి లేనిదే సంఘంలో ఎవరూ కోలుకోరాదు. బృందం వచ్చి వెళ్ళేవరకూ ఉన్న జబ్బును ఉన్నట్టు కాపాడుకోవలెను."

ఫీబమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంటికి వెళ్ళి రెండూ చేసింది.

బృందం వచ్చే ఆదివారం రానే వచ్చింది. చర్చికి మామిడాకుల తోరణాలు కట్టారు. లోపల బెంచీలన్నీ రోగులతో నిండిపోయాయి. సమాధానమ్మ మెడదాకా పసుపు పూసుకుని పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది. తలకట్లు, చేతికట్లు, చంకకర్రలు. వేదిక ముందు, క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరులు పడుకునే మడతమంచం వేసి, తెల్లదుప్పటి పరిచి, దానిమీద జ్ఞానాభరణంగారు గుండెమీద చెయ్యి వేసుకుని పడుకున్నారు. ఇస్త్రీ మడత నలగకుండా పడుకోవడం ఆయనకే చెల్లింది.

కారు దిగి బృందం లోపలికి వచ్చింది. బృందం పెద్ద రెవరెండ్ ప్రభాకీర్తిగారు తెల్లని గడ్డంతో, ముఖమంతా కరుణతో, గుమ్మంలోనే ఆగిపోయారు. క్వయర్ మాస్టరు చెయ్యి ఎత్తాడు. సంఘమంతా ఒక్కసారిగా మూలిగింది. ప్రభాకీర్తిగారి కళ్ళవెంట జలజలా నీళ్ళు కారాయి.

"ఎంత బాధ! ఎంత క్రమశిక్షణ!" అన్నారాయన.

ఫీబమ్మ నీలంపట్టీ వేసుకుని మంచం పక్కన బొమ్మలా నిలబడి ఉంది. సిగ్గుతో తల దించుకుని, ఎవరి ముఖమూ చూడలేక వెనకవైపు చూసింది. వెనక గంట తాడు దగ్గర మోజేసు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అతని చొక్కా తడిసిపోయి ఉంది. ముఖం బూడిదరంగులో ఉంది. మూలగడం లేదు. అంతమందిలో మూలగనివాడు అతనొక్కడే.

ఫీబమ్మ ఒక్క పరుగున అక్కడికి వెళ్ళింది.

"ఏంటి మోజేసూ? ఎక్కడ నొప్పి?"

"ఏం లేదండి నర్సమ్మగారూ," అన్నాడు గొణుగుతూ. "గుండెల మీద రాయెట్టినట్టుందండి. ఎడంచెయ్యి లాగేస్తందండి."

"ఎప్పట్నుంచి?"

"తెల్లారుజాము నుంచండి."

"మరి చెప్పవేం, పిచ్చిమహారాజా!"

"నాకు జలుబు కదండీ ఇచ్చారు," అన్నాడు మోజేసు. "గుండె ఛైర్మన్‌గారిదండి. ఆరి రోజు పాడుసెయ్యడం ఎందుకనీ..."

ఫీబమ్మ వెనక్కి తిరిగింది. రత్నరాజు అప్పటికే అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "అమ్మా, ఒక్క నిమిషం! ఒకే జబ్బు ఇద్దరికి కుదరదు. బదిలీ చెయ్యాలంటే కమిటీ కూర్చోవాలి. బృందం వెళ్ళాక..."

ఆమె అతన్ని పక్కకు తోసిన తోపుకు, అతను వెళ్ళి కీళ్ళనొప్పుల బెంచీలో పడ్డాడు. ఫీబమ్మకు ఇప్పుడు కనిపిస్తున్నది ఒక్కటే. ఆ చర్చి మొత్తంలో మనిషిని మోయడానికి పనికొచ్చేది ఆ మడతమంచం ఒక్కటే. దానిమీద జ్ఞానాభరణంగారున్నారు. ఆమె వెళ్ళి మంచం ముందు నిలబడింది. రిటైరైన తర్వాత ఒక్కసారీ పూర్తిగా వాడని వార్డు గొంతు బయటికి తీసింది.

"లేవండి!"

జ్ఞానాభరణంగారు కళ్ళు తెరవలేదు. "నేను హృద్రోగిని," అన్నారు పెదవులు కదపకుండా.

"లేవమంటున్నానా! లేచి అవతలికి నడవండి!"

ఆ కేకకు కిటికీ అద్దాలు గలగలలాడాయి. జ్ఞానాభరణంగారు తన ప్రమేయం లేకుండానే ఎగిరి నేలమీద నిలబడ్డారు. నిలబడి, అనుకోకుండా గబగబా నాలుగడుగులు నడిచారు. పాపం, ఆయన కాళ్ళు ఏ అనుమతీ అడగలేదు.

చర్చిలో మూలుగులు ఆగిపోయాయి.

"స్తోత్రం!" అని ఒక్క అరుపు అరిచి ప్రభాకీర్తిగారు మోకాళ్ళ మీద పడ్డారు. "లేచాడు! నడిచాడు! నా కళ్ళతో చూశాను!"

ఆ మాటతో సమాధానమ్మకు కూడా ఆవేశం వచ్చి కొంగుతో ముఖం తుడుచుకుంది. కామెర్లు కొంగుకు అంటుకున్నాయి. "పోయింది! నాకూ పోయింది!" అని కేకపెట్టింది. చంకకర్రలు గాల్లోకి లేచాయి. తలకట్లు ఊడి పూలదండల్లా ఎగిరాయి. ఏమీ లేనివాళ్ళందరికీ ఏమీ లేకుండాపోయింది.

ఆ సందడిలో ఫీబమ్మా, పాస్టరుగారూ మోజేసును మంచం మీద పడుకోబెట్టి బయటికి మోసుకెళ్ళిన సంగతి ఎవరూ గమనించలేదు. బృందం కారులో వెనకసీటు మీద పడుకోబెట్టారు. డ్రైవరు ఏదో అనబోయాడు. ఫీబమ్మ చూసిన చూపుకు మారుమాట్లాడకుండా కారు తీశాడు. దారిపొడుగునా ఆమె మోజేసు చెయ్యి వదల్లేదు. "నా మీద కోపం లేదు కదండీ?" అని అతను అడుగుతూనే ఉన్నాడు. "నోరుమూసుకుని ఊపిరి పీల్చుకో" అని ఆమె చెబుతూనే ఉంది. పెద్దాసుపత్రి డాక్టరు చూసి, ఇంకాస్త ఆలస్యమై ఉంటే చేసేదేమీ ఉండేది కాదన్నాడు. ఆ మాట విన్నాకే ఫీబమ్మ మోజేసు చెయ్యి వదిలి బయటికొచ్చింది. వరండాలో కూర్చుని, మెడలో నీలంపట్టీ తీసి ముఖం తుడుచుకుంది.

మోజేసు గట్టెక్కి ఇంటికొచ్చేసరికి ఊరు మారిపోయి ఉంది. కేంద్ర కార్యాలయం పెదకొండేపూడి చర్చిని స్వస్థతాస్థలంగా గుర్తించింది. అద్భుతములు నేరుగా జరుగుచున్నందున నర్సు యొక్క ఆవశ్యకత లేదని కమిటీ ఫీబమ్మ పదవిని రద్దుచేసింది. ఆ కబురు విని ఆమె హాయిగా ఊపిరి పీల్చుకుని, మంచంలో ఉన్న ముసలమ్మల ఇళ్ళకు మునుపటిలాగే వెళ్ళడం మొదలుపెట్టింది. రద్దయిన నర్సును ఏ కమిటీ సంజాయిషీ అడుగుతుంది?

ఇరుక్కుపోయింది జ్ఞానాభరణంగారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆదివారం ఆదివారం బస్సుల్లో జనం దిగుతున్నారు. వాళ్ళకు ప్రసంగం అక్కర్లేదు, పాటలక్కర్లేదు. ఛైర్మన్‌గారు లేవడం చూడాలి. రత్నరాజు మంచం పక్కన నిలబడి "లేవండి!" అని అరుస్తాడు. ఆయన లేచి నడుస్తారు. ఆలస్యంగా వచ్చిన బస్సువాళ్ళు బతిమాలితే మళ్ళీ పడుకుని మళ్ళీ లేస్తారు. సాక్ష్యం చెబుతారు. దండలు వేయించుకుంటారు.

ఒకనాటి మధ్యాహ్నం ఫీబమ్మ అరుగు మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే, జ్ఞానాభరణంగారు దొడ్డిదారిన వచ్చారు. ముఖం పీక్కుపోయింది.

"అమ్మా, కాస్త బీపీ చూస్తావా?" అన్నారు. ఆ గొంతులో ఇందుమూలముగా లేదు, కావున లేదు.

ఆమె చూసింది. చాలా ఎక్కువగా ఉంది. "రాత్రుళ్ళు పడుకుంటున్నారా?"

ఆయన ఒక చిక్కుడుకాయ చేతిలోకి తీసుకున్నారు. "మా ఆవిడ పోయిన దగ్గర్నుంచీ సరిగ్గా నిద్ర లేదమ్మా. ఇల్లంతా నిశ్శబ్దం. నిజం చెప్పనా? ఆ మంచం మీద పడుకుంటే, చుట్టూ మనుషుల అలికిడి, పిల్లల గోల, పాటలు... కన్ను అంటుకుంటుంది. సరిగ్గా అంటుకునే వేళకి లేవమంటారు."

ఫీబమ్మ చేతిలోని కాయ పక్కన పెట్టింది. ఇన్నాళ్ళూ ఊళ్ళో అందరి ఇళ్ళకూ వెళ్ళింది కానీ, తనను నియమించినాయన ఇంటికి ఒక్కసారీ వెళ్ళలేదని అప్పుడు తట్టింది.

"ఈ ఆదివారం లేవకండి," అంది.

"బస్సులొస్తాయమ్మా!"

"రానివ్వండి. నేనుంటాను."

ఆదివారం జనం కిక్కిరిసిపోయారు. జ్ఞానాభరణంగారు మంచం ఎక్కారు. పాట అయ్యేసరికి ఆయన గుర్రు మొదలైంది. రత్నరాజు ఛాతీ విరుచుకుని నోరు తెరిచాడు. ఫీబమ్మ కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుని, అతని కళ్ళలోకి చూసింది. రత్నరాజు తెరిచిన నోరు అలాగే మూసేశాడు.

"ఆయనకి విశ్రాంతి కావాలి," అంది ఆమె, ఎన్నడూ లేనంత మెల్లగా. "అందరూ బయటికి."

పాస్టరుగారే ముందు చెప్పులు చేతపట్టుకుని మునివేళ్ళ మీద నడిచారు. ఆయన వెనక సంఘమంతా, బస్సులవాళ్ళంతా ఒకళ్ళ వెనక ఒకళ్ళు. ఏడవబోయిన చంటిపిల్ల నోటికి తల్లి పాలపీక అందించింది. వరండాలో పాస్టరుగారు గుసగుసగా ప్రసంగం చేశారు. సమాధానమ్మ పక్కావిడతో చేతిసైగలతోనే దెబ్బలాడింది. లోపల జ్ఞానాభరణంగారు ఇస్త్రీ బట్టలు నలిగిపోయేలా పక్కకు ఒత్తిగిలి, చెంపకింద చెయ్యి పెట్టుకుని నిద్రపోతున్నారు.

ఆలస్యంగా వచ్చిన బస్సొకటి గేటు దగ్గర ఆగింది. దిగినవాళ్ళు రొప్పుతూ పరుగెత్తుకొచ్చి, "అద్భుతం అయిపోయిందాండీ?" అని అడిగారు.

గేటు దగ్గర కూర్చున్న మోజేసు వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

"ఆయ్, ఇప్పుడే అవుతందండి," అన్నాడు. "సప్పుడు సెయ్యకండి."